లీటరు వేరు, కిలో వేరు: ఇంట్లో సబ్బు చేసేవారికి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. బయట కొన్న సబ్బులు ఒంటికి పడక, ఇంట్లోనే చేసుకుందామని ఒక వీడియో చూసి మొదలుపెట్టాను. కిలో కొబ్బరి నూనెకు 174 గ్రాముల కాస్టిక్ సోడా అన్నారు. లీటరు ప్యాకెట్ నూనె పోసి, కాస్టిక్‌ను కాటా మీద తూచి కలిపాను. మర్నాడు సాయంత్రం కోస్తే ముక్కలు పొడిపొడిగా విరిగిపోయాయి. నెల రోజులు ఆరబెట్టి చేతులు కడుక్కున్నా చురుక్కుమంటోంది. రెండోసారి నీళ్ల బదులు వేపాకు రసం పోశాను. ఆకుపచ్చ రంగంతా పోయి గోధుమ రంగుకు తిరిగింది, వాసన కూడా బాగాలేదు. అసలు కాస్టిక్ లేకుండా సబ్బు చేసే దారి లేదా? మొదటి సబ్బు పారేయాల్సిందేనా? మా బాబుకు ఐదేళ్లు, చర్మం పొడిబారి దురద పెడుతుంటుంది, వాడికి ఇది వాడొచ్చా? బాగా కుదిరితే తెలిసినవాళ్లకు అమ్మాలని కూడా ఉంది.

జవాబు: మీరు కాస్టిక్‌ను సరిగ్గానే తూచారు. తూచనిది నూనెను. లీటరు కొబ్బరి నూనె కిలో తూగదు, దాదాపు 910 గ్రాములే ఉంటుంది. ప్యాకెట్ మీద లీటరు పక్కనే గ్రాముల్లో కూడా అచ్చువేసి ఉంటుంది, ఒకసారి చూడండి. ఒక గ్రాము కొబ్బరి నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి 0.183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. ఆ లెక్కన 910 గ్రాములకు 166 లేదా 167 గ్రాములు సరిపోతుంది. మీరు వేసింది 174. పైన వేసిన ఏడెనిమిది గ్రాములకు కలవడానికి నూనె దొరకలేదు, అది సబ్బులో అలాగే ఉండిపోయింది. చేతులకు తగులుతున్నది అదే.

వీడియోలో చెప్పిన లెక్కలో తప్పు లేదు. కిలో కొబ్బరి నూనెకు నిజానికి 183 గ్రాముల కాస్టిక్ పడుతుంది. అందులో నూటికి అయిదు తగ్గించి 174 అన్నారు. ఆ తగ్గించిన మేరకు కొంత నూనె సబ్బు కాకుండా మిగులుతుంది. సబ్బు చేసేవాళ్లు దీన్ని సూపర్‌ఫ్యాట్ అంటారు. ఇంటి సబ్బుకు ఉన్న రక్షణ అంతా ఈ మిగులు నూనెలోనే ఉంది. కాటా అరగ్రాము అటూ ఇటూ చూపినా, నూనె గుణం కొంచెం మారినా ఆ తేడాను ఇది భరిస్తుంది. లీటరును కిలో అనుకుంటే నూటికి తొమ్మిది నూనె తగ్గిపోతుంది, ఆ అయిదు పాళ్ల మిగులు దానికి చాలదు. అందుకే సబ్బు పనిలో నూనె, నీళ్లు, కాస్టిక్ మూడూ గ్రాముల్లోనే ఉండాలి. గ్లాసులు, చెంచాలు, మిల్లీలీటర్లు అన్న మాటే రాకూడదు.

పొడిపొడిగా విరగడానికి ఇంకో కారణం కూడా ఉంది. అచ్చంగా కొబ్బరి నూనెతో చేసిన సబ్బు చాలా త్వరగా గట్టిపడుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లోపే, ఇంకా కొంచెం వెచ్చగా ఉండగానే కోసెయ్యాలి. మర్నాడు సాయంత్రం దాకా ఉంచితే కత్తి పెట్టగానే పెచ్చులు లేస్తుంది. దానికి కాస్టిక్ ఎక్కువ కావడం తోడైంది.

నెల ఆరబెట్టినా ఘాటు ఎందుకు పోలేదని మీకు అనిపించి ఉంటుంది. ఆరబెడితే కాస్టిక్ ఎగిరిపోతుందని చాలామంది నమ్ముతారు. అలా జరగదు. నూనె, కాస్టిక్ కలిసే పని దాదాపు అంతా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతుంది. ఆ తర్వాత వారాల తరబడి ఆరబెట్టేది నీళ్లు పోయి బిళ్ల గట్టిపడటానికి, నురగ మెత్తబడటానికి. తూకంలో ఎక్కువైన కాస్టిక్‌ను ఆరబెట్టి పోగొట్టలేం.

ఇక కాస్టిక్ లేకుండా సబ్బు అవుతుందా అంటే, అవ్వదు. సబ్బు అనేదే నూనె, క్షారం కలిసి పుట్టిన పదార్థం. నూనెలోని కొవ్వు ఆమ్లాలు కాస్టిక్‌లోని సోడియంతో కలిసి సబ్బవుతాయి, పక్కన గ్లిజరిన్ విడిపోతుంది. తూకం సరిగ్గా ఉంటే చివరికి బిళ్లలో కాస్టిక్ అనేదే ఉండదు. కరిగించి అచ్చులో పోసుకునే సబ్బు బేస్ దుకాణాల్లో దొరుకుతుంది కదా, అందులో కాస్టిక్ పని ఫ్యాక్టరీలో ముందే చేసి ఇస్తారు, అంతే తేడా. పొయ్యి బూడిద నీళ్లతో చెయ్యొచ్చని కొందరు చెబుతారు. దానితో అయ్యేది పొటాష్ సబ్బు. అది గట్టిపడదు, జిగురుగా ఉంటుంది. పైగా ఆ బూడిద నీళ్ల బలం ఎంతో తెలుసుకునే వీలు లేదు కాబట్టి కాస్టిక్ కంటే అదే ప్రమాదం. తినే సోడాకూ బట్టల సోడాకూ ఈ పని చేసే బలం చాలదు. సున్నం వేస్తే నీళ్లలో కరగని సబ్బు తయారవుతుంది, ఒంటికి పనికిరాదు. క్షారం అసలే వద్దనుకుంటే మన కుంకుడుకాయలు, శీకాయ, సున్నిపిండి ఉండనే ఉన్నాయి. అవి సబ్బు కాదు గానీ శుభ్రం చేస్తాయి.

కాస్టిక్ అంటే మీకున్న భయం మంచిదే, దాన్ని జాగ్రత్తగా మార్చుకుంటే చాలు. ముందు కొనేటప్పుడు చూడండి. మరుగుదొడ్డి, సింకు గొట్టాలు శుభ్రం చేసే పొడులు వద్దు. వాటిలో అల్యూమినియం ముక్కలు, రంగులు, మరేవో కలిపి ఉంటాయి. విజయవాడలోగానీ గుంటూరులోగానీ ప్రయోగశాలలకు రసాయనాలు అమ్మే దుకాణంలో సోడియం హైడ్రాక్సైడ్ అని అడిగి, 97 లేదా 98 శాతం శుద్ధి అని రాసిన డబ్బా తీసుకోండి. రేకులైనా గుళికలైనా సరే. డబ్బా మూత ఎప్పుడూ బిగించి ఉండాలి. మన కృష్ణా తీరం గాలిలో, ముఖ్యంగా వానాకాలంలో, కాస్టిక్ తేమ లాగేసుకుని ముద్దకట్టి బలం కోల్పోతుంది. అలా ముద్దకట్టినది తూచి వేస్తే సబ్బు మెత్తగా, నూనె నూనెగా వస్తుంది.

కళ్లకు పక్కల నుంచి కూడా మూసుకునే ప్లాస్టిక్ కళ్లజోడు, మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్, పొడుగు చేతుల నూలు బట్టలు, కాళ్లకు చెప్పులు లేకుండా కాస్టిక్ డబ్బా మూత తియ్యొద్దు. కళ్లజోడు విషయంలో మాత్రం అసలు రాజీ పడొద్దు. కాస్టిక్ చర్మం మీద పడితే మచ్చ మిగలొచ్చు, కంట్లో పడితే చూపే పోవచ్చు. ఒంటి మీద పడితే ధారగా పారే నీళ్ల కింద పదిహేను ఇరవై నిమిషాలు కడగండి. కంట్లో పడితే రెప్పలు తెరిచి ఉంచి అంతకంటే ఎక్కువసేపు కడుగుతూ, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వెనిగర్, నిమ్మరసం పుయ్యొద్దు, వాటితో ఇంకా వేడి పుడుతుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో అయిదేళ్ల పిల్లాడు ఉన్నాడు కాబట్టి, వాడు బడికి వెళ్లిన వేళ ఈ పని పెట్టుకోండి. కాస్టిక్ నీళ్లు చూడటానికి మామూలు మంచినీళ్లలాగే ఉంటాయి. నీళ్ల సీసాలో, గ్లాసులో ఒక్క నిమిషం కూడా ఉంచొద్దు.

గిన్నెలు స్టీలువి వాడాలి, లేదంటే అడుగున 5 అంకె ఉండే గట్టి ప్లాస్టిక్ జగ్గులు. మనం సిల్వర్ గిన్నెలు అని పిలిచే అల్యూమినియం పాత్రలు మాత్రం దగ్గరకే రానివ్వొద్దు. కాస్టిక్ వాటిని తినేస్తూ హైడ్రోజన్ వాయువు వదులుతుంది. గాజు గిన్నె వేడికి పగలొచ్చు. కాటా ఒక్క గ్రాము తేడా చూపేది అయితే చాలు. కాకపోతే అలాంటి కాటాతో అరకిలో నూనె కంటే తక్కువ చెయ్యొద్దు. వంద గ్రాముల నూనెకు పడే కాస్టిక్ పదిహేను గ్రాములు, అందులో గ్రాము తప్పితే రక్షణ మొత్తం పోతుంది. చేత్తో కలిపే కరెంటు బ్లెండర్, అడుగున స్టీలు ఉన్నది, ఒకటి ఈ పనికే కేటాయించండి. కవ్వంతోనూ చెయ్యొచ్చు గానీ అరగంట నుంచి గంట చిలకాలి. సబ్బుకు వాడిన గరిటెలు, గిన్నెలు మళ్లీ వంటకు తీసుకోవద్దు.

ఈసారి అచ్చంగా కొబ్బరి నూనెతో కాకుండా నాలుగు నూనెలు కలిపి చెయ్యండి. ఒక్క కొబ్బరి నూనె సబ్బు నురగ బాగా ఇస్తుంది, మురికి వదిలిస్తుంది. అయితే పొడి చర్మాన్ని ఇంకా పొడిబారుస్తుంది. అరకిలో నూనెకు లెక్క ఇది: కొబ్బరి నూనె 200 గ్రాములు, పామాయిల్ 175, నువ్వుల నూనె 100, ఆముదం 25. కాస్టిక్ 74 గ్రాములు, నీళ్లు 150. ఇందులో నూటికి అయిదు మిగులు నూనె ఉంది. పూర్తి లెక్క కావాలంటే, గ్రాముకు కొబ్బరికి 0.183, పామాయిల్‌కు 0.141, నువ్వులకు 0.134, ఆముదానికి 0.128 చొప్పున గుణించి కూడితే 77.9 వస్తుంది, దాన్ని 0.95తో గుణిస్తే 74. కొబ్బరి అంకె మిగతావాటికంటే అంత పెద్దగా ఎందుకుందంటే, దానిలోని కొవ్వు అణువులు చిన్నవి. చిన్నవి కాబట్టి ఒక గ్రాములో ఎక్కువ పడతాయి, ఒక్కోదానికీ కాస్టిక్ కావాలి. అందుకే కొబ్బరి నూనెను తీసేసి ఆ స్థానంలో ఇంకో నూనె పోస్తే కాస్టిక్ మారిపోతుంది. నువ్వుల నూనె బదులు వేరుశనగ నూనె పోసుకోవచ్చు, వంద గ్రాములకు తేడా పావు గ్రాము కూడా ఉండదు. వేపనూనె వాసన ఓర్చుకోగలిగితే నువ్వుల నూనెలో 50 గ్రాములు తగ్గించి వేపనూనె కలపండి, కాస్టిక్ అదే 74.

నూనెలు ఎక్కడివని చాలామంది అతిగా ఆలోచిస్తారు. అంబాజీపేట కొబ్బరి నూనె అయినా, ఊళ్లో గానుగ నూనె అయినా, మామూలు ప్యాకెట్ నూనె అయినా కాస్టిక్‌కు ఒకటే. నూటికి తొంభై అయిదు పాళ్లు సబ్బుగా మారిపోయే నూనెకు గానుగ ధర పెట్టడం దండగ. ఆ డబ్బుతో కొన్న మంచి నూనె స్నానానికి ముందు ఒంటికి రాసుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. జుట్టుకు రాసుకునే పరిమళ నూనెలు మాత్రం వద్దు. వాటిలో చాలావాటికి మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) కలుపుతారు, అది సబ్బుగా మారదు. నూనె తాజాగా ఉండాలి. కమురు వాసన వచ్చిన నూనెతో చేస్తే రెండు మూడు నెలల్లో బిళ్లల మీద నారింజ రంగు మచ్చలు లేచి అదే కమురు వాసన కొడుతుంది.

నీళ్లు బోరువి వద్దు. గుంటూరు వైపు చాలాచోట్ల బోరు నీళ్లు గడుసువి. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టు కడతాయి. ఆర్వో నీళ్లు చాలు. స్నానానికి కూడా బోరు నీళ్లే అయితే సబ్బులో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేస్తే తెట్టు తగ్గుతుంది. అరకిలో నూనెకు 5 గ్రాములు ముందుగా నీళ్లలో కరిగించండి. నిమ్మ ఉప్పు ఆమ్లం కాబట్టి కొంత కాస్టిక్‌ను తినేస్తుంది: 10 గ్రాములకు 6 గ్రాములు. అంటే 5 గ్రాములకు 3 కలిపి కాస్టిక్ 77 చెయ్యాలి. ఈ లెక్క పట్టించుకోకుండా నీళ్ల బదులు నిమ్మరసం పోసేవాళ్ల సబ్బు మెత్తగా, నూనె నూనెగా వస్తుంది.

పని మొదలుపెట్టేటప్పుడు ముందు అచ్చు సిద్ధం చేసుకోండి. బటర్ పేపర్ పరిచిన చెక్కపెట్టె, సిలికాన్ అచ్చు, కడిగి ఆరబెట్టిన పళ్లరసం అట్టపెట్టె ఏదైనా సరే. 150 గ్రాముల నీళ్లు స్టీలు గిన్నెలో తూచి, కిటికీ దగ్గర లేదా పెరట్లో పెట్టండి. వేరే డబ్బాలో తూచిన కాస్టిక్‌ను ఆ నీళ్లలోకి కొంచెం కొంచెంగా వంచుతూ గరిటెతో తిప్పండి. కాస్టిక్‌ను నీళ్లలో వెయ్యాలి, నీళ్లను కాస్టిక్ మీద పొయ్యకూడదు. పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కలిపేటప్పుడు వచ్చే ఆవిరి పీల్చకుండా తల పక్కకు పెట్టుకోండి. నీళ్లు ఎనభై తొంభై డిగ్రీల దాకా వేడెక్కుతాయి. వేసవిలో ఆ నీళ్లలో సగం ఐసు ముక్కలుగా తూచి వాడటం మంచిది. రోహిణి కార్తెలో మన ఇళ్లలో గదే నలభై డిగ్రీలు ఉంటుంది, కాస్టిక్ నీళ్లు తమంతట తాము చల్లారవు. గిన్నెను చన్నీళ్ల తొట్టెలో ఉంచండి. రేకులు పూర్తిగా కరిగి నీళ్లు తేటబడాలి. తేటబడకుండా అడుగున పలుకులు మిగిలితే అవి సబ్బులో తెల్లటి చుక్కలుగా, ముట్టుకుంటే కాలే చుక్కలుగా దొరుకుతాయి.

నూనెలన్నీ ఒక గిన్నెలో తూచి గోరువెచ్చగా చెయ్యండి. ధనుర్మాసంలో కొబ్బరి నూనె గడ్డకట్టి ఉంటే కరిగేదాకా వెచ్చబెట్టాలి. నూనె, కాస్టిక్ నీళ్లు రెండూ 35 నుంచి 40 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు కాస్టిక్ నీళ్లను సన్నని ధారగా నూనెలోకి వడగట్టండి. బ్లెండర్‌ను ఒంపుగా ముంచి, కింద గాలి బుడగ లేకుండా చూసుకుని, అప్పుడు స్విచ్ వెయ్యండి. పది సెకన్లు తిప్పడం, ఆపి దానితోనే అరనిమిషం కలియబెట్టడం, ఇలా మార్చి మార్చి చేస్తే మూడు నుంచి అయిదు నిమిషాల్లో చిక్కబడుతుంది. బ్లెండర్ పైకెత్తితే కారే చుక్క వెంటనే మునిగిపోకుండా గీతలా పైన కాసేపు నిలవాలి, మొత్తం పలచటి దోసెల పిండిలా ఉండాలి. దీన్నే ట్రేస్ అంటారు. అక్కడ ఆపాలి. ఈ గీత రాకముందే అచ్చులో పోస్తే రాత్రికి నూనె పైకి తేలుతుంది, అడుగున కాస్టిక్ నీళ్లు మిగులుతాయి. అలా విడిపోతే పారబొయ్యకుండా గ్లవ్స్‌తోనే మళ్లీ గిన్నెలోకి తీసి తిప్పితే చాలాసార్లు కలుస్తుంది.

వాసనకు వేసేవి ట్రేస్ పలచగా ఉన్నప్పుడే కలపాలి. నిమ్మగడ్డి నూనె, వట్టివేరు నూనె లాంటి సుగంధ తైలాలు అరకిలో నూనెకు 15 గ్రాములు మించకూడదు. లవంగ నూనె, దాల్చిన చెక్క నూనె వద్దు. అవి కలిపిన నిమిషంలో ముద్ద గిన్నెలోనే గట్టిపడుతుంది, చర్మానికి కూడా ఘాటు. సెనగపిండి గానీ ముల్తానీ మట్టి గానీ ఒక పెద్ద చెంచా, ముందు కొంచెం నూనెలో ఉండలు లేకుండా కలిపి వెయ్యండి. పసుపు అర చిన్న చెంచా చాలు. దుగ్గిరాల పసుపైనా సరే క్షారం తగలగానే పారాణి ఎరుపుకు తిరుగుతుంది, కంగారు పడకండి. వారాలు గడిచేకొద్దీ నారింజ పసుపుకు వస్తుంది, వెలుతురులో ఉంచితే వెలిసిపోతుంది.

మీ వేపాకు రసం గోధుమ రంగుకు తిరగడానికి కారణం కూడా క్షారం, వేడి. ఆకు పచ్చదనం వాటిని తట్టుకోదు. ఏ పచ్చి ఆకు రసమైనా, పూల రేకులైనా అంతే. రసంలోని చక్కెరలు కాస్టిక్ నీళ్ల వేడికి మాడి ఆ వాసన తెస్తాయి. పచ్చి ఆకు ముద్ద వేస్తే కొన్నాళ్లకు బూజు కూడా పట్టొచ్చు. వేప కావాలంటే వేపనూనె వెయ్యండి, లేదా నీడన ఎండబెట్టి పలచటి బట్టలో జల్లించిన ఆకు పొడి ఒక చిన్న చెంచా. రంగు మాత్రం నిలవదు. కలబంద గుజ్జు, కొబ్బరి పాలు వాడాలనుకుంటే నీళ్ల బరువులో సగం మించకుండా, ఐసుగా గడ్డకట్టించి తీసుకోండి.

అచ్చులో పోశాక ముద్ద తనలో తనే వేడెక్కుతుంది. చలికాలంలో తువ్వాలు చుట్టి ఉంచితే సమంగా ఉడికి రంగు ఒకేలా వస్తుంది. ఎండాకాలంలో ఏమీ కప్పొద్దు. కప్పితే మధ్యలో ఉబ్బి పగుళ్లు ఇస్తుంది, ఒక్కోసారి అచ్చు దాటి పొంగుతుంది. ఫ్యాను గాలిలో, కింద టైల్స్ మీద ఉంచితే చాలు. మధ్యలో ముదురు వలయం, అంచుల్లో లేత రంగు కనబడితే వేడి సగమే పాకిందని అర్థం, అది చూపుకే లోపం. పైన తెల్లటి పొడిలా ఏర్పడేది చాలావరకు గాలి తగిలి ఏర్పడిన సోడా పొర, గీకేస్తే పోతుంది. ముక్క లోపల తెల్లటి గుల్లలు, వాటిలో ద్రవం కనిపిస్తే మాత్రం అది కాస్టిక్, ఆ సబ్బును వాడొద్దు.

ఈ నాలుగు నూనెల సబ్బును 24 నుంచి 48 గంటల్లో, వేలితో నొక్కితే సొట్ట పడనంత గట్టిపడగానే, గ్లవ్స్‌తో అచ్చు విప్పి కొయ్యండి. వంద గ్రాముల బిళ్లలు ఏడు దాకా వస్తాయి. కోసిన రోజున ఒక బిళ్ల తూచి కాగితం మీద బరువు, తేదీ రాసిపెట్టుకోండి. వెదురు తడక మీదో జల్లెడ లాంటి బల్ల మీదో, ఒకదానికొకటి తగలకుండా, నీడన, గాలి ఆడేచోట నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచి వారానికోసారి తిప్పాలి. ఎండలో పెట్టొద్దు, మిగులు నూనె కమురు పడుతుంది. వారం వారం బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు. వానలు, ముసురు పట్టిన రోజుల్లో బిళ్లల మీద చెమట బొట్లు కనిపిస్తాయి. సబ్బులోని గ్లిజరిన్ గాలిలో తేమను లాగడం అది, చెడిపోవడం కాదు. మెత్తటి బట్టతో అద్ది, ఫ్యాను కింద పెట్టండి. ఆ కాలంలో ఇంకో రెండు వారాలు ఎక్కువ ఆరనివ్వాలి.

వాడేముందు పరీక్ష ఎలా అంటే, మూడు రోజుల తర్వాత గ్లవ్స్ తీసేసి తడి వేలితో బిళ్లను రుద్ది, ఆ వేలు నాలుక కొసకు తాకించండి. సబ్బు రుచి ఒక్కటే తెలిస్తే మంచిది. జివ్వుమని కుట్టినట్టుంటే కాస్టిక్ మిగిలిందని. బిళ్ల మొత్తాన్ని నాకొద్దు, రెండు మూడు చోట్ల రుద్ది చూడండి. పసుపు నీళ్లు ఎర్రబడితే కాస్టిక్ ఉన్నట్టు అని ఒక చిట్కా తిరుగుతోంది. మంచి సబ్బుకూ క్షారగుణం ఉంటుంది, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాలను కొలిచే అంకె) 9 నుంచి 10 దాకా. కాబట్టి పసుపు ఎలాగూ ఎర్రబడుతుంది, దానితో ఏమీ తేలదు.

మీ మొదటి సబ్బును పారేయక్కర్లేదు. మొత్తం తురిమి, స్టీలు గిన్నెలో 100 గ్రాముల నీళ్లతో, మరిగే నీళ్ల మీద ఇంకో గిన్నెలా పెట్టి మూతతో ఉడికించండి. కరిగి చిక్కటి ముద్ద అవడం మొదలవగానే నువ్వుల నూనె 150 నుంచి 200 గ్రాములు కలపండి. 150 కలిపితే మిగులు నూనె నూటికి ఏడు దగ్గరికి, 200 కలిపితే పది దగ్గరికి వస్తుంది. మీ చర్మానికి 200 మేలు. గంటన్నర నుంచి రెండు గంటలు సన్నని మంట మీద, పావుగంటకోసారి తిప్పుతూ ఉంచితే అదనపు కాస్టిక్ ఆ నూనెతో కలిసిపోతుంది. గ్లవ్స్, కళ్లజోడు ఇక్కడా ఉండాలి. నాలుక పరీక్షలో నెగ్గాకే అచ్చులో నొక్కండి. ఇది గరుకుగా ఉంటుంది గానీ చక్కగా పనిచేస్తుంది. రెండు వారాలు ఆరితే చాలు. ఒకటి గుర్తుంచుకోండి, ఈ లెక్క మీరు పోసింది నిజంగా 910 గ్రాములైతేనే. ప్యాకెట్ మీద బరువు వేరేగా ఉంటే 0.183తో మళ్లీ గుణించుకోండి.

బాబు విషయానికి వస్తే, ఇంటి సబ్బు అయినా దానికి క్షారగుణం ఉంటుంది. మన చర్మం పైపొర పీహెచ్ 5 దగ్గర, అంటే కొంచెం ఆమ్లంగా ఉంటుంది. పొడిబారి దురద పెట్టే చర్మానికి ఏ సబ్బు అయినా, ఎంత మంచి నూనెతో చేసినా, ఇబ్బంది పెట్టే అవకాశం ఉంది. వాడిది ఎగ్జిమానా కాదా అన్నది ముందు చర్మవైద్యుడికి చూపించండి. ఆయన సరేనన్నాకే, వాసన నూనె, పసుపు, వేప ఏమీ లేని, ఆరు వారాలు దాటిన బిళ్లను మురికైన చేతులకూ కాళ్లకూ మాత్రం వాడి చూడండి. వేపనూనె సబ్బు చర్మరోగాన్ని తగ్గిస్తుందని ఎవరైనా చెప్పినా నమ్మొద్దు. రుద్ది కడిగేసే సబ్బులోని నూనె చర్మం మీద నిలిచేది చాలా కొద్ది.

అమ్మకం సంగతి. ఇంట్లో వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. డబ్బు తీసుకుని అమ్మితే ఒంటి సబ్బు చట్టం దృష్టిలో కాస్మెటిక్. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీకి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల దగ్గర లైసెన్సు తీసుకోవాలి. పని జరిగే స్థలం, పర్యవేక్షించే వ్యక్తి అర్హతలు చూస్తారు. లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, కలిపిన పదార్థాలు ఉండాలి. దురద తగ్గుతుంది, మొటిమలు పోతాయి అని రాస్తే అది మందు కిందికి వెళ్లిపోతుంది, ఆ నిబంధనలు ఇంకా కఠినం. కనీసం పది విడతలు ఒకే లెక్కతో, ఒకే గుణంతో కుదిరి, ఆర్నెల్లు నిలవ ఉంచినా కమురు పట్టలేదని తేలాక ఆ ఆలోచన చెయ్యండి. అప్పటిదాకా ప్రతి విడతకూ నూనెల బరువులు, కాస్టిక్ బరువు, ఆ రోజు వేడి, కోసిన గంట ఒక పుస్తకంలో రాసుకోండి. చివరగా గిన్నెల సంగతి: వాడిన వెంటనే కడగొద్దు. అంటిన పచ్చి ముద్దను కాగితంతో తుడిచి, గిన్నెలను పిల్లలకు అందనిచోట ఒక రోజు ఉంచండి. మిగిలిన పూత కూడా సబ్బయిపోతుంది, మర్నాడు వేడినీళ్లు పోస్తే వదిలిపోతుంది.